మూరెడు మొక్క నిలువెత్తు పొద అయ్యాక

మాది గుంటూరు శివారులో 200 గజాల స్థలంలో కట్టుకొన్న తూర్పు ముఖం ఇల్లు. ఇంటి ముందు ఎనిమిది అడుగులు, ఉత్తరాన అయిదు, మిగిలిన రెండు వైపులా నాలుగేసి అడుగులు మట్టి నేలగానే ఉంచుకొన్నాము. చుట్టూ గచ్చు చేయించుకొంటే శుభ్రంగా ఉంటుందని మేస్త్రి చాలాసార్లు చెప్పినా, మొక్కలు లేని ఇల్లు నాకు ఇల్లులాగా అనిపించదు కనుక ఒప్పుకోలేదు. గృహప్రవేశం జరిగిన వానాకాలంలోనే, ముందుగది కిటికీకి ఎదురుగా, గోడకు అడుగున్నర దూరంలో, మూరెడు ఎత్తున్న ముద్ద నందివర్ధనం మొక్కను తెచ్చి నాటాను. కిటికీ తెరవగానే తెల్లని పూలు కనిపించాలన్నది నా కోరిక. మూడేళ్ళు తిరిగేసరికి ఆ మొక్క ఏడడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు ఉన్న గుబురై, కిటికీని పూర్తిగా మూసివేసింది. గదిలో పగలు కూడా దీపం వేసుకోవలసి వచ్చింది, కొమ్మలు దోమతెరను రాసుకొని చింపేశాయి, గోడకూ పొదకూ మధ్య గాలి ఆడక గోడ మీద పాచి పట్టింది.

అప్పుడు కత్తెర పట్టుకొన్నాను. కిటికీ కిందికి వచ్చేటట్లు నెలకొకసారి కత్తిరిస్తూ, దాన్ని మూడడుగుల పెట్టెలాగా తయారుచేశాను. దాంతో కిటికీ తెరుచుకొన్నది గాని పూలు ఆగిపోయాయి. నందివర్ధనానికి మొగ్గలు లేత కొమ్మల చివరనే వస్తాయి. ప్రతినెలా ఆ చివరలనే తీసివేస్తుంటే అది ఎక్కడ పూస్తుంది? పూజకు పూలు కోసుకొనే మా అత్తగారు రెండు నెలలు చూసి, "అమ్మాయ్, దాని తప్పేముందమ్మా, చోటు తక్కువైంది కాని" అన్నారు. ఆ మాట విన్నాక ఆ కత్తెరను పక్కన పెట్టి, మిగిలిన మొక్కలన్నింటినీ కూడా ఒకసారి కొత్తగా చూడడం మొదలుపెట్టాను. పొదల గురించి నేను నేర్చుకొన్నదంతా ఆ తరువాతే.

చెట్టుకు మాను ఉంటుంది. కొన్నేళ్ళకు దాని కింద కుర్చీ వేసుకొని కూర్చోవచ్చు, బండి నిలుపుకోవచ్చు. పొదకు అలాంటి వీలు లేదు. నేల దగ్గర నుంచే నాలుగైదు కొమ్మలుగా లేచి, తాను నిలిచిన చోటునంతా తానే నింపుతుంది. అందుకే పొద విషయంలో ఎత్తు కన్నా వెడల్పు ముఖ్యం, నర్సరీలో మనం అడగనిది కూడా సరిగ్గా ఆ వెడల్పే. నేలలో కుదురుకొన్న రేక మందారం ఆరడుగులు విస్తరిస్తుంది, నందివర్ధనం అయిదారు అడుగులు, పెద్దరకం నూరువరహాలు నాలుగైదు అడుగులు పరుచుకొంటాయి. అదే నూరువరహాలలో గుబురుగా పెరిగే పొట్టి రకం రెండడుగుల్లో ఒదిగిపోతుంది. డిసెంబరాల పొదకు మూడడుగులు చాలు, కనకాంబరానికి అడుగున్నర నుంచి రెండడుగులు చాలు. గోడ పక్కన నాటేటప్పుడు, పొద చివరికి ఎంత వెడల్పు అవుతుందో అందులో సగానికి తక్కువ కాకుండా దూరం వదిలి, దానికి అదనంగా మనిషి పక్కగా నడిచేంత చోటు కూడా విడిచిపెడితే, తరువాత గోడకు రంగు వేయించుకోవడానికి కూడా ఇబ్బంది ఉండదు.

ఇది కాగితం మీద లెక్క వేసుకొంటే మనసుకు ఎక్కదు. నేను చేసిన పని ఏమిటంటే, ఒక పుల్లకు తాడు కట్టి, ఏ మొక్క ఎక్కడ నాటాలనుకొన్నానో అక్కడ పుల్ల గుచ్చి, ఆ మొక్క పూర్తిగా పెరిగినప్పటి వెడల్పుకు సరిపడా ముగ్గుపిండితో నేల మీద గుండ్రంగా గీత గీశాను. ముంగిలిలో నేను అనుకొన్నవి పదకొండు మొక్కలు. గీతలు గీసేసరికి అయిదింటికే చోటు నిండిపోయింది. ఆ గీతలను వారం రోజులు అలాగే ఉంచి, చెరిగిపోయినప్పుడల్లా మళ్ళీ గీసి, ఆ వారమంతా వాటిని తొక్కకుండా నడిచాము. గ్యాస్ సిలిండరు వంటింటి తలుపు దాకా ఏ దారిన వస్తున్నదో, మోటారు మీట దగ్గరికి రాత్రిపూట ఎటు నుంచి వెళతామో, ఏసీ బయటి పెట్టె వేడిగాలి ఎక్కడి వరకు కొడుతుందో అప్పుడే తెలిసింది. ఆ వేడిగాలి తగిలే నాలుగడుగుల మేర ఏ మొక్కా పెట్టకూడదని నిర్ణయించుకొన్నాము. దక్షిణం వైపు నాలుగడుగుల సందులో పొదల ఆలోచనే మానుకొని, అక్కడ తులసి కుండీలు, ఒక కరివేపాకు మాత్రం ఉంచుకొన్నాము. కరివేపాకు కూడా వేళ్ళ నుంచి పిలకలు వేస్తూ పక్కకు పాకుతుంది కనుక ఏడాదికి రెండుసార్లు ఆ పిలకలను తీసి అడిగినవాళ్ళకు ఇస్తుంటాను.

ఆ జూలైలోనే నందివర్ధనాన్ని కదిలించాము. నెల ముందుగా మొదలుకు అడుగున్నర దూరంలో చుట్టూ గునపంతో సన్నని కందకం తీయించి, పక్కవేళ్ళు తెగనిచ్చి, ఆ కందకాన్ని ఆకుల ఎరువుతో నింపాము. ఆ నెలలో తెగిన చోట కొత్త పీచువేళ్ళు వచ్చాయి. తరువాత మంచి ముసురు పట్టిన రోజు చూసి, కొమ్మలను రెండడుగుల ఎత్తుకు కోసివేసి, మట్టి రాలకుండా మొదలును తడి గోనెపట్టాతో కట్టి, ఇద్దరు మనుషులు మోసుకొనివచ్చి ఆగ్నేయ మూలలో పాతారు. అక్కడ దానికి ఏడడుగుల చోటు ఉంది. పదిహేను రోజుల పాటు ఉన్న నాలుగు ఆకులు కూడా రాలిపోయి కట్టెలాగా నిలబడింది. గోటితో బెరడు గీకి చూస్తే మాత్రం లోపల పచ్చగానే ఉంది, పాలు కారుతున్నాయి. ఇరవై రెండో రోజున కొమ్మ కణుపు దగ్గర బియ్యపుగింజంత పచ్చని మొన కనిపించింది.

ఇక మొక్కలు కొనడం గురించి. రాజమహేంద్రవరం దగ్గర కడియం, కడియపులంక నర్సరీలకు వెళ్ళినవారికి ఆ ఆకర్షణ ఎలాంటిదో చెప్పనక్కరలేదు. గోదావరి ఒండ్రునేలల్లో, దారికి ఇరువైపులా, చూసినంత మేర మొక్కలే. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు విరగబూసినవన్నీ ఏరుకొని వచ్చాను, వాటిలో సగం మా ఇంట్లో మొదటి వేసవి దాటలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు అక్కడ మొక్కలకు నీళ్ళు పెడుతున్న ఒక పెద్దాయన నా చేతిలోని మందారాన్ని తీసి పక్కన పెట్టి, "పూలున్నది వద్దమ్మా, మొదట్లోంచి మూడు కొమ్మలు లేచింది తీసుకోండి" అని వేరేది ఇచ్చారు. పువ్వు వారంలో రాలిపోతుంది, కింద నుంచి వచ్చిన కొమ్మలు మాత్రం ఆ పొద ఆకారాన్ని జీవితమంతా నిలబెడతాయి. సంచి అడుగు చిల్లుల్లోంచి లావుపాటి వేరు బయటికి వచ్చి నేలలోకి దిగి ఉంటే, ఆ మొక్క సంచిలో చాలాకాలంగా ఉన్నదని, లోపల వేళ్ళు చుట్టలు చుట్టుకొని ఉంటాయని అర్థం. అటువంటి దానిని ఎంత తక్కువ ధరకు ఇచ్చినా నేను తీసుకోను.

మొక్కను ఎంచుకోవడానికి ముందు మన నేల ఏమిటో తెలిసి ఉండాలి. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. వేసవిలో చెయ్యి దూరేంత నెరియలు విచ్చి సన్నని వేళ్ళను తెంపుతుంది, వానాకాలంలో నీళ్ళను పట్టి ఉంచి వేళ్ళను ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. అన్ని పుస్తకాల్లోలాగానే నేనూ మొదట్లో అడుగున్నర లోతు గుంత తీసి, దాన్ని ఎర్రమట్టి, పశువుల ఎరువు, వేపపిండి కలిపిన మెత్తని మట్టితో నింపి నాటాను. రేగడిలో అలాంటి గుంత నీళ్ళు దిగని కుండ అవుతుందని ఆ సెప్టెంబరు వానల్లో రెండు గంధరాజం మొక్కలు కుళ్ళిపోయాకనే తెలుసుకొన్నాను. ఇప్పుడు గుంతలో తవ్వి తీసిన మట్టినే సగానికి పైగా కలుపుతాను, మొక్క మొదలు చుట్టుపక్కల నేల కన్నా అరడుగు ఎత్తులో ఉండేటట్లు మట్టిని ఎగదోసి నాటుతాను. ఆ గట్టుకు వెలుపల పాదు చేసి, పాదు నిండా ఎండుటాకులు పరుస్తాను. రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టే అలవాటును మా ఇంట్లో మానివేసిన తరువాత నెరియలు సగానికి సగం తగ్గాయి, నీళ్ళ ఖర్చూ తగ్గింది.

నూరువరహాల కథ దీని కన్నా లోతైనది, కొంచెం వివరంగా చెప్పాలి. ముంగిలి గోడ వెంట ఎనిమిది పొట్టిరకం నూరువరహాలు వరుసగా నాటాను. ఏడాదికి వాటిలో అయిదింటి లేత ఆకులు నిమ్మపండు రంగుకు తిరిగాయి. చేతిలోకి తీసుకొని వెలుగుకు ఎదురుగా పట్టుకొంటే, ఆకంతా పసుపుగా ఉండి, ఈనెలు మాత్రం గీసినట్లు పచ్చగా కనిపించేవి. ముదురు ఆకులు మాత్రం బాగానే ఉన్నాయి. పోషణ చాలదేమోనని మళ్ళీ మళ్ళీ ఎరువు వేశాను, ఏమీ మారలేదు. ఒకదాన్ని తవ్వి చూస్తే అడుగు లోతులో సిమెంటు పెళ్ళలు, సున్నపు గచ్చు ముక్కలు, ఇటుకపొడి ఉన్నాయి. ఇల్లు కట్టినప్పటి చెత్తను గోడ వెంట పూడ్చి పైన మట్టి కప్పారన్నమాట. నూరువరహాలకూ గంధరాజానికీ కాస్త పులుపు స్వభావమున్న నేల కావాలి. సిమెంటు, సున్నం నేలలో క్షారాన్ని పెంచుతాయి, మా రేగడిలో ముందే సున్నం ఎక్కువ, బోరు నీళ్ళు కూడా అలాంటివే. అటువంటి నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు, అందుకే లేత ఆకు ముందుగా పాలిపోతుంది.

బత్తాయి తోటలున్న రైతులకు ఈ జబ్బు బాగా తెలుసు. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉన్న ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, చల్లని పూట ఆకుల మీద పిచికారీ చేయమన్నది వాళ్ళ పద్ధతి. వారం రోజుల ఎడంతో మూడుసార్లు కొట్టాను. రెండోసారికే కొత్త ఆకులు పచ్చబడ్డాయి. గోడకు తగలకుండా కొట్టాలి, అన్నభేది పడిన సున్నపు గోడ మీద తుప్పు మరకలు పడతాయి. కాని పిచికారీ తాత్కాలికమే. పెళ్ళలు కిందే ఉన్నంతకాలం పసుపు మళ్ళీ వస్తూనే ఉంటుంది. చివరికి నేను ఆ అయిదింటిని తీసి పెద్ద కుండీల్లోకి మార్చి, ఆ చోట డిసెంబరాలను పెట్టాను. వాటికి ఆ నేల గురించి ఏ ఫిర్యాదూ లేదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఊదారంగు పూలతో ఆ గోడ వెలిగిపోతుంది. నేలను మొక్కకు తగినట్లు మార్చడం కన్నా నేలకు తగిన మొక్కను తెచ్చుకోవడమే సులభమని నాకు అప్పటి నుంచి గట్టి నమ్మకం. రేగడిలో, ఎండలో, నీళ్ళు తక్కువైనా నిలిచేవి మనకు తక్కువేమీ కాదు: గోరింట, రత్నగంధి, అడ్డసరం, వావిలి, కాగితపు పూలు. కాగితపు పూల మొక్కకు నీళ్ళు కొంచెం బిగబట్టినప్పుడే పూత ఎక్కువ; రోజూ తడిపితే ఆకులే వేస్తుంది.

ఎండ విషయంలో ఒక్క సంగతి చెబుతాను. ఉత్తరం వైపు ఎప్పుడూ నీడేనని అనుకొని అక్కడ ఆకుల అందం కోసం పెంచే అరేలియాలను నాటాను. జనవరిలో అవి కళకళలాడాయి, మే నెలలో ఆకుల అంచులు మాడిపోయాయి. మన ప్రాంతంలో మే మొదటి వారంలో సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరానికి జరుగుతాడు, మళ్ళీ ఆగస్టు మొదటి వారానికి గాని దక్షిణానికి రాడు. అంటే ఏడాదిలో అతి తీవ్రమైన ఎండ కాసే రోజుల్లోనే ఉత్తరపు గోడ మీద ఉదయం, సాయంత్రం వాలుగా ఎండ పడుతుంది. మొక్క పెట్టాలనుకొన్న చోటును ఒక చలికాలంలోనూ ఒక ఎండాకాలంలోనూ చూసిన తరువాతే నాటాలి. ఇప్పుడు ఆ ఉత్తరం వైపు కనకాంబరాలు ఉన్నాయి. సగం నీడ, సగం ఎండ వాటికి సరిపోయింది. వాటి ఎండిన వెన్నుల మీద నీళ్ళు పడగానే కాయలు చిటుక్కున పగిలి గింజలు గోడకు తగిలే చప్పుడు వినడానికి మా పిల్లలు చెంబులు పట్టుకొని వెళతారు. ఢిల్లీ కనకాంబరం రకం గింజ కట్టదు, దాన్ని కొమ్మలతోనే పెంచుకోవాలి.

ఇళ్ళలో పిల్లలు ఉన్నవారు గన్నేరు గురించి ఆలోచించుకోవాలి. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. పచ్చగన్నేరు గింజలు మరీ ప్రమాదకరం. పశువులు ముట్టవు, నీళ్ళు లేకపోయినా బతుకుతుంది కనుక జాతీయ రహదారుల నడిమి గట్లకు అది చక్కని మొక్క, ఆ గులాబీ రంగు నాకూ ఇష్టమే. కాని పసిపిల్లలు ఆడుకొనే ముంగిలిలో దానికి చోటు ఇవ్వలేదు. కంచెగా ఇప్పుడు విరివిగా నాటుతున్న కోనోకార్పస్‌ను కూడా వద్దనే చెబుతాను. ఏడాదిలో పచ్చని గోడలా లేస్తుందనేది నిజం. దాని వేళ్ళు నీటి గొట్టాలను, కాలువలను వెతుక్కొంటూ వెళతాయి. పుప్పొడితో అలర్జీలు వస్తున్నాయని, భూమిలోని గొట్టాలు, తీగలు దెబ్బతింటున్నాయని గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్ని నిషేధించింది. సంపు పక్కన దాన్ని పెట్టుకొన్నవారు ఇప్పుడే తీసివేయడం మంచిది. పచ్చని కంచె కావాలంటే అడుగుకొక గోరింట కొమ్మ నాటితే రెండేళ్ళలో నడుమెత్తు కంచె అవుతుంది. ఆషాఢంలో వీధిలోని ఆడపిల్లలందరికీ ఆకు దొరుకుతుంది.

ఆగ్నేయ మూలకు చేరిన నందివర్ధనం రెండో ఏట పూర్తిగా కోలుకొన్నది. ఆ వానాకాలంలో ఒక ఉదయం చూస్తే ఒక పక్క కొమ్మలు ఆకులు లేకుండా బోడిగా ఉన్నాయి. కింద నేల మీద మిరియాల కన్నా పెద్దవైన నల్లని రెట్టలు. ఎంత వెతికినా పురుగు కనబడలేదు. ఆకు రంగే దాని రంగు కనుక, నా ముఖానికి జానెడు దూరంలో ఉన్నా పోల్చుకోలేకపోయాను. చూపుడు వేలంత పొడవు, బొటనవేలంత లావు, పక్కలంతా తెల్లని చుక్కలు. కొమ్మను కదిలించగానే తల లోపలికి ముడుచుకొని మెడ ఉబ్బించింది, ఆ మెడ మీద తెలుపు, నీలం కలిసిన రెండు కళ్ళు విచ్చుకొన్నాయి. అవి నిజమైన కళ్ళు కావు, పక్షులను బెదిరించే మచ్చలు. మందు కొట్టాలని తీసినదాన్ని పక్కన పెట్టేశాను. అలాంటివి ఏడు ఉన్నాయి, వారం రోజులు తిన్నాయి, ఆపైన గోధుమరంగుకు మారి కిందికి దిగి ఎండుటాకుల్లోకి వెళ్ళిపోయాయి. కొన్నాళ్ళకు, సాయంత్రం వరండా గోడ మీద, పచ్చలోనే నాలుగైదు రకాల పచ్చ కలిసిన పెద్ద రెక్కల పురుగు ఒకటి వాలి ఉంది. ఆకులు తిన్న ఆ పురుగు మారితే వచ్చే రూపం అదే. బోడిపోయిన కొమ్మలు నెలలో మళ్ళీ చిగిర్చాయి. చోటు చాలినంత ఉన్న పొద ఇలాంటి నష్టాన్ని లెక్కచేయదు. మందారానికి పట్టే పిండినల్లి మాత్రం వేరు, దాన్ని ఊరకే వదలకూడదు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్ళు కలిపి కొడుతూ, కొమ్మల మీదికి చీమల బారులు ఎక్కకుండా చూసుకొంటే అదుపులో ఉంటుంది.

కత్తెరను నేను పూర్తిగా వదలలేదు, వాడే తీరు మార్చుకొన్నాను. పొద పైభాగాన్ని గీత గీసినట్లు కోయడం మానేసి, ఏడాదికొకసారి, బాగా ముదిరిన రెండు మూడు కొమ్మలను మాత్రం నేలకు దగ్గరగా తీసివేస్తాను. లోపలికి వెలుతురు పడుతుంది, కింద నుంచి కొత్త కొమ్మలు లేస్తాయి, పొద తన ఆకారంలోనే ఉంటుంది. మందారానికి పూలు కొత్త చిగురు మీదే వస్తాయి కనుక దానికి మాఘమాసంలో కొంచెం గట్టిగానే కోత ఉంటుంది. మల్లె పద్ధతి మళ్ళీ వేరు. మార్గశిరంలో నీళ్ళు ఆపి, ఆకు వాడిన తరువాత దూసి, మోకాలెత్తుకు కత్తిరించి, పాదు తవ్వి ఎరువు వేసి, నెల తిరిగాక నీళ్ళు వదిలితే, ఫాల్గుణానికి మొగ్గ కనిపిస్తుంది.

కిటికీ ఎదుట ఇప్పుడు ఏ పొదా లేదు. కిటికీ గట్టు కన్నా కిందనే ఉండేటట్లు రెండు మల్లెగుత్తులు ఉన్నాయి, రాత్రి కిటికీ తెరిస్తే గదిలోకి వాసన వస్తుంది. ఆగ్నేయ మూలలోని నందివర్ధనం ఈ ఏడు మళ్ళీ ఏడడుగులకు చేరింది. దాని మీద కత్తెర పెట్టి చాలా కాలమైంది. పొద్దున అయిదున్నరకు మా అత్తగారు సజ్జ తీసుకొని అక్కడికి వెళ్ళి, కింది కొమ్మలవి తాము కోసుకొని, పైన అందనివాటి కోసం నన్ను పిలుస్తారు.